దగ్గుతున్న ఎద్దుకు కాడి

రెండువేల పదమూడులో, వానలు మొదలయ్యే ముందు, కామారెడ్డి పశువుల అంగడిలో జత ఎడ్లను కొన్నాను. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. పొద్దంతా ఎండలోనే నిలబడ్డాయి, నీళ్లు కూడా సరిగా తాగలేదు. సాయంత్రం ట్రాలీలో మా ఎల్లారెడ్డికి తెస్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఇంటికి చేరేసరికి రెండూ తడిసి వణుకుతున్నాయి.

మా అమ్మ, అవ్వ అంటాం, వాకిట్లోనే ఆపింది.

"కొట్టంల కట్టకు కొడుకా. కొత్త గొడ్లు, కొన్ని దినాలు అవతల ఉండనీ."

"అవతల జాగ ఏడున్నదే?" అని మా బర్రె పక్కనే కట్టేశాను.

మూడో రోజు ఎర్రది దగ్గింది. గడ్డిలో దుమ్ము ఉందేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతోంది. మేత ముట్టలేదు. మెడ ముందుకు చాచి, డొక్కలు ఎగరేస్తూ నిలబడింది. పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చి జ్వరం చూశాడు. గొట్టం పెట్టి రెండు పక్కలా ఊపిరి విన్నాడు.

"నిమ్ము చేరింది. ఎండ, వాన, ప్రయాణం అన్నీ ఒక్కనాడే పడ్డయి గదా. బర్రెను ముందు దూరం కట్టు. ఐదు రోజులు సూదులేస్త. జ్వరం తగ్గినా మూడు వారాలు కాడి పెట్టొద్దు."

"మూడు వారాలా సారూ? మిరుగం కార్తె వచ్చె, దున్నాలె."

"రానీ. లోపల ఊపిరితిత్తులు మానాలె."

బర్రెను ఇంటి వెనక రేకుల కిందికి మార్చాను. జాగ లేదన్నది నేనే. అప్పటికే అది కూడా దగ్గడం మొదలుపెట్టింది. దాని అదృష్టం, నాలుగు రోజుల్లో తేరుకుంది.

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలవలేదు. కొట్టంలోకి పోయి ఎర్రదాని డొక్క మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెట్టేవాణ్ని. బయటికి వచ్చి మబ్బు చూసేవాణ్ని. మళ్లీ లోపలికి. మంచి వాన పడింది. చుట్టూ అందరూ దున్నుతున్నారు. పక్క చేను ఆయన రోజూ గట్టు మీద నిలబడి అడిగేవాడు.

"ఏంది, ఇంక మొదలువెట్టవా? పదును పోతది."

అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే చెవిలో మోగేది.

సూదులు మొదలైన పదో రోజు అవ్వ కామారెడ్డి దగ్గరి రాజంపేటలో మా అక్క ఇంటికి పోయింది. ఎర్రదానికి జ్వరం లేదు, మేత తింటోంది, నెమరు వేస్తోంది. దగ్గు మాత్రం అప్పుడప్పుడు వస్తోంది. రెండు సాళ్లే కదా అని నాకు నేనే చెప్పుకుని కాడి కట్టాను.

మూడో సాలు మధ్యలో ఎర్రది ఆగిపోయింది. ముల్లుకర్ర ఎత్తాను. కొట్టలేదు గానీ ఎత్తాను, అది దాచను. రెండడుగులు వేసి మోకాళ్ల మీద కూలింది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి గాలి కోసం ఎగబడుతోంది. గబగబా పలుపులు విప్పసాగాను. పక్క చేను ఆయన పరుగెత్తుకొచ్చి కాడి పట్టుకున్నాడు.

డాక్టరు మళ్లీ సూదులు మొదలుపెట్టాడు. నన్ను తిట్టి ఉంటే తేలికపడేవాణ్ని. మర్నాడు వచ్చిన అవ్వకు చెప్పాను. ఆమె వేడినీళ్లలో గుడ్డ ముంచి ఎద్దు ముక్కు తుడుస్తూ కూర్చుంది, నా వైపు చూడలేదు.

ఎద్దు బతికింది, గానీ ఊపిరి మునుపటిలా రాలేదు. పది అడుగులు వేగంగా నడిస్తే ఒగర్చేది. చేను ఆ యేడు ట్రాక్టరుతో దున్నించి ఆలస్యంగా మక్కజొన్నలు వేశాను. దసరా తర్వాత ఎర్రదాన్ని అంగడికి తోలుకుపోదామని అన్నాను. అవ్వ చెరుగుతున్న చాట పక్కన పెట్టింది.

"చెప్పి అమ్ముతవా, చెప్పకుంట అమ్ముతవా?"

చెబితే కోతకు తప్ప ఎవరూ కొనరని ఇద్దరికీ తెలుసు. చెప్పకపోతే ఇంకొకడు వానల ముందు దాన్ని కాడికి కడతాడు.

అంగడికి పోలేదు. తెల్లదాన్ని పక్క చేను ఆయన ఒంటి ఎద్దుతో జత కలిపి, మరుసటి యేడు రెండు చేలూ కలిసి దున్నుకున్నాం. ఎర్రది మా ఇంటి దగ్గరే తిని, కట్టుకొయ్య కాడే ఉండిపోయింది. నేను మేత వేయడానికి పోతే తల ఎత్తి చూసేది. నాకే దాని ముఖం వైపు చూడటానికి చాలా రోజులు పట్టింది.