అక్షింతల పురుగు పిల్లలు

నిన్న చిక్కడపల్లి మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుతుంటే, ఎర్రటి అక్షింతల పురుగు ఒకటి కాయల మధ్య నుంచి వచ్చి నా వేలెక్కింది. కూరగాయలామె దులపబోతే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పుకుందామంటే నా ఈడు వాళ్ళెవరూ పక్కన లేరు, అందుకని మీకు చెబుతున్నాను.

మేము అశోక్‌నగర్‌లో కిరాయికి ఉన్న రోజుల్లో, ఇప్పుడు ఆ సందంతా హాస్టళ్ళూ జిరాక్సు దుకాణాలూ గానీ అప్పట్లో ఇంటి వెనక జానెడు మట్టి దొరికేది, అక్కడ మా అమ్మకొక చిక్కుడు పందిరి ఉండేది. ఆ విత్తనాలు మహబూబ్‌నగర్ దిక్కు ఊళ్ళో ఉండిన అమ్మమ్మవి. అమ్మమ్మ పోయాక అమ్మ కొంగున కట్టుకొని తెచ్చుకున్నవి అవే. డబ్బాలో మిగిలినవి పుచ్చిపోవడంతో, ఆ పందిరి కాయలు ముదిరి ఎండితేనే మళ్ళీ విత్తనం, లేదంటే అమ్మమ్మ చిక్కుడు అంతటితో సరి.

సరిగ్గా పూత మీద పేనుబంక, అదే రసం పీల్చే పేనంత పురుగులు, పట్టి లేత కొసలన్నీ జిగటగా నల్లబడ్డాయి. నాన్న కోఠి నుంచి మందు సీసా తెచ్చారు. ఆకుల మీద అక్షింతల పురుగులు తిరుగుతుంటే, పేరులోనే అక్షింతలున్న వాటి మీద విషం చల్లనివ్వనని అమ్మ అడ్డం పడింది. వాటి పక్కనే చిన్న మొసళ్ళలా నల్లగా, ముళ్ళముళ్ళుగా పాకేవాటిని మాత్రం పీడ అనుకొని, పుల్లతో రాల్చి రోజూ చెప్పుతో తొక్కేది. ఎర్రవాటికి దండం, నల్లవాటికి చెప్పు. బంక మాత్రం తగ్గలేదు.

"నీ అక్షింతలు దీవెనలిస్తున్నయి గానీ పని చేస్తలేవు" అని నాన్న ఎకసెక్కం.

ఒకనాడు, ఆకుకు అతుక్కొని కదలకుండా ఉన్న నల్లదాన్ని ఒకదాన్ని గిల్లబోయి అమ్మ ఆగిపోయింది. దాని వీపు పగిలి లోపలి నుంచి మచ్చలు లేని పసుపుపచ్చ పురుగు బయటికి వస్తోంది. మధ్యాహ్నానికి అది ఎర్రబడి, మచ్చలు తేలి, అచ్చం అక్షింతల పురుగైంది.

"తల్లులకు దండం పెట్టుకుంట పిల్లల్ని తొక్కిన గదనే" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మమ్మ పోయినప్పుడు పనుల్లో పడి ఆపుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది.

ఆ తర్వాత పందిరి కింద చెప్పు పడలేదు. పెద్దవాటికంటే పిల్లలకే ఆకలెక్కువేమో, బంకనంతా ఊడ్చినట్టు తినేశాయి. కాయ నిలిచింది, ముదిరింది, ఎండింది. నాన్న మందు సీసా తిరిగిచ్చేసి వచ్చి, చిక్కుడుకాయ కూర రెండోసారి వడ్డించుకున్నారు.

నారాయణగూడలో మా అపార్టుమెంటు మిద్దె మీద, తొట్లలో ఇప్పటికీ పాకేది ఆ విత్తనమే. పేనుబంక ఏటా వస్తుంది, అక్షింతల పురుగులే రావడం మానేశాయి. చుట్టూ సిమెంటే అయితే పాపం ఎక్కడి నుంచి వస్తాయి. అందుకే నిన్నటిదాన్ని సంచిలో కాయల మధ్యే తెచ్చి తీగ మీద వదిలాను. ఈ పొద్దున చూస్తే లేదు. పోనీలే అనుకుంటూ ఆకు తిప్పి, కళ్ళజోడు సవరించుకొని చూశాను. పసుపు కలిపిన నూకల్లా, గుత్తిగా గుడ్లు.

మిద్దె ఊడ్చే అమ్మాయికి ఇప్పుడే చెప్పి వచ్చాను, నాలుగు రోజుల్లో ఇక్కడ నల్లటివి పాకుతాయి, తొక్కకమ్మా అని. ఆ మాట అమ్మకు ఆనాడు చెప్పేవాళ్ళు లేకపోయారు. ఈనాడు ఈ గుడ్లు చూపిద్దామంటే అమ్మ లేదు.