బర్రెల మందు, పిల్ల నెత్తి

నా చిన్నప్పుడు పురానాపూల్ దగ్గర మాకు పాల వ్యాపారం ఉండేది. ఇంటి వెనకే కొట్టం, కొట్టంలో బర్రెలు. వాటి ఒంటికి పిడుదులు పట్టి నెత్తురు పీలుస్తుంటే, నాన్న సీసాలోని మందును బకెట్ నీళ్లలో కలిపి గుడ్డతో రుద్దేవాడు. ఆ పనప్పుడు మూతికి తువ్వాలు కట్టుకునేవాడు. అయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే గానీ అమ్మ ఆయన్ని పాలు పిండనిచ్చేది కాదు. ఆ చేతులతో నీళ్ల కుండ ముట్టుకుంటే ఎంత లొల్లి చేసేదో!

అలాంటి అమ్మే ఆ మందు నా తలకు పట్టించింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తెల్లారితే మేనత్త కూతురి పెళ్లి. నా తల నిండా పేలు. చుట్టాల ముందు గోక్కుంటే పరువు పోతుందని అమ్మ భయం. కూర్చోబెట్టి దువ్వే తీరిక ఆమెకు లేదు. బర్రె మీద పురుగు చచ్చినప్పుడు పిల్ల తలలో పేను చావదా అనుకుంది. మందును కొబ్బరినూనెలో కలిపి, కుదుళ్ల దాకా రుద్ది, పైన గుడ్డ బిగించి కట్టింది. తర్వాత చెల్లికీ రాద్దామని దాన్ని రమ్మని పిలిచింది.

కాసేపటికి నెత్తి మండింది. కడుపులో తిప్పింది. నోరంతా నీళ్లూరింది. ఓర్చుకోమంది అమ్మ. అప్పుడే పక్కింటి ఖాలా పాల కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. ముస్లింల ఇంటి పెద్దావిడ, మా వాడకట్టు అందరికీ ఖాలానే, అంటే పిన్ని. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఇంట్ల గీ బద్బూ ఏందమ్మా?"

"పోరి నెత్తిల పేన్లకు మందు పెట్టిన ఖాలా. బర్రెలదే."

ఖాలా గిన్నె అక్కడే పారేసి నా తలగుడ్డ ఊడబీకింది. రెక్క పట్టుకుని పంపు కిందికి ఈడ్చుకెళ్లి, నీళ్లు గుమ్మరిస్తూ, సబ్బుతో రుద్దుతూ, అమ్మను దులిపేసింది.

"నీ మొగడు గిది ముట్టుకుంటే చేతులు కడగనిది అన్నం పెట్టవు. బిడ్డ నెత్తి మీదైతే పోస్తవా? గా నూనె చేతులతోనే నువ్వు ఒక్క బుక్క తిని చూపెట్టు. అప్పుడు చిన్నదానికి గూడ పెడుదువు!"

అమ్మ తన చేతుల వంక చూసుకుంది. కొట్టంలోంచి నాన్న వచ్చి, బర్రెలకు ఏం కాలేదు గదా అని నసిగాడు.

"బర్రె ఎంత, గీ పిట్టంత పోరి ఎంత? కండ్లున్నయా నీకు? పో, రిక్షా తే!"

అప్పటికే నాకు వాంతులు మొదలయ్యాయి, కళ్లు మసకలు కమ్మాయి. వెంటనే కడగబట్టి బతికిందని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. పెళ్లికి మేమెవరమూ వెళ్లలేదు. ఇంటికొచ్చాక ఖాలా రోజూ మధ్యాహ్నం నన్ను ముందు కూర్చోబెట్టుకుని, పేల దువ్వెనతో పాయపాయా దువ్వేది. కథలు చెబుతూనే గోటి మీద పేలు చిట్లించేది. అమ్మ పక్కన కూర్చుని చూసేది. కొన్నాళ్లకు ఆ దువ్వెన తనే అందుకుంది.

ఇప్పుడు మాకు బర్రెలు లేవు. కానీ ఏ ఇంట్లో చూసినా మందు సీసాలే! బండి మీద అమ్మే యాసిడ్‌ను షర్బత్ సీసాలో పోయించుకుని పిల్లలకు అందేచోట పెడతారు. ఉయ్యాల కిందే దోమల చుట్ట ముట్టిస్తారు. ఘాటుగా వాసన రాకపోతే నేల శుభ్రం కాలేదని ఫినాయిల్ కుమ్మరించి, ఆ తడి మీదే పసివాణ్ణి పాకనిస్తారు. "దుకాణంల అమ్ముతున్నరు గదా అమ్మమ్మా, ఏం కాదు" అంటుంది మనవరాలు. అమ్మేవాడికి నీ బిడ్డ సంగతి ఏం తెలుసే?

ఆ రోజు ఖాలా ఇది ఎవరి ఇల్లు, ఎవరి పిల్ల అని చూడలేదు. నాకూ ఆ బుద్ధే అబ్బింది. పరాయి ఇల్లయినా సరే, పసిపిల్లలకు అందేచోట అలాంటి సీసా కనబడితే అడగకుండానే తీసి అటక మీద పెడతాను. ముసలిదానికి అక్కరలేని పెత్తనమని నా వెనక గొణుక్కుంటారు.

గొణుక్కోనీ.