వీబ్కె పారేయని పగడం

ఎమ్డెన్ రేవులో, బోర్కుమ్ దీవికి వెళ్ళే ఓడకు టికెట్లిచ్చే కిటికీ వెనక ఇరవై ఆరేళ్ళు కూర్చున్న మనిషి వీబ్కె త్యాడెన్. ఓడ తప్పిపోయినవాళ్ళు ఎంత విసుక్కున్నా గొంతు పెంచకుండా, "తరవాతిది రెండున్నరకి" అని మాత్రం చెప్పేది. ఊళ్ళో అందరూ ఆమెను మెతక మనిషనే అనుకున్నారు. ఆ అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది ఆమెకు యాభై తొమ్మిదో ఏట, ఒక పగడం మూలంగా.

ఆమె వంటింటి పక్క గదిలో గోడ పొడుగునా ఉప్పునీటి గాజుతొట్టి ఉంది. అందులో రాళ్ళను పట్టుకుని పెరిగే పగడాలు చాలానే ఉన్నాయి గానీ, ఆమె ప్రాణమంతా అడుగున ఇసుక మీద కూర్చున్న పళ్ళెం పగడం మీదే. నారింజ రంగులో, అరచెయ్యంత గుండ్రంగా ఉండే జీవి అది. మిగతావాటిలా దేన్నీ అంటిపెట్టుకోదు. ఒంటినిండా నీళ్ళు నింపుకుని పూరీలా పొంగుతుంది, మీద పడిన ఇసుక దులుపుకుంటుంది, బుద్ధి పుట్టిన రోజున వేలెడు దూరం జరిగి కూర్చుంటుంది. పదకొండేళ్ళుగా వారానికి రెండుసార్లు వీబ్కె దాని నడిమి నోటికి గాజు గొట్టంతో రొయ్యముక్క అందించేది. ఆ ముక్క లోపలికి పోవడానికి పావుగంట పట్టేది. అంతసేపూ చేపలు దోచుకుపోకుండా పక్కనే కాపలా కాసేది.

మార్చిలో తుంటి ఆపరేషన్ కోసం ఆమె ఐదు వారాలు ఇల్లు విడవాల్సి వచ్చింది. తాళంచెవి హారో లూబెన్ చేతిలో పెట్టింది. ఊళ్ళో ఇలాంటి తొట్లు పెంచేవాళ్ళ సంఘానికి హారో అధ్యక్షుడు. చేయవలసిన పనులన్నీ కాగితం మీద రాసిచ్చి, చివర "పళ్ళేన్ని కదపవద్దు" అని రాసి కింద గీత గీసింది.

హారో కదిపాడు. ఇసుకలో పడుంటే ఎవరి కంటా పడదని, పైన దీపం దగ్గర రాతి మీద పెడితే తొట్టికే అందం వస్తుందని అతని ఆలోచన. పగడం మాత్రం తన అలవాటు మానలేదు. పొంగింది, జరిగింది, రాతి అంచు దాటి కింద పడింది. దాని లోపలి సున్నపు పలకలు కత్తి అంచుల్లా ఉంటాయి. వాటి మీది మెత్తటి ఒళ్ళు చీరుకుపోయింది, పదిరోజుల్లో కుళ్ళి ఊడిపోయింది. వీబ్కె చేతికర్రల మీద ఇంటికొచ్చేసరికి తొట్టిలో మిగిలింది తెల్లటి ఎముక.

"కాగితం చదవలేదా?" అని హారోని అడిగింది.

"చదివాను. నువ్వు అన్నిటికీ గీత గీస్తావు కదా అనుకున్నాను."

వీబ్కె ఆ ఎముకను తీసి ఇసుకలో పాత చోటే పెట్టింది. ఎక్కడో అంచు మడతలో, కంటికి కనబడనంత మెత్తటి ఒంటి తునక బతికున్నా చాలు, దాని మీంచి పిల్లలు లేస్తాయని ఆమె చదివింది. లేవకపోవచ్చు కూడా. ఆ మాటా చదివింది.

మే నెలలో సంఘం వాళ్ళు ఒకరి తొట్టి ఒకరు చూడటానికి ఇల్లిల్లూ తిరిగే రోజొకటుంది. పక్క ఊళ్ళు లేర్, ఔరిఖ్‌ల నుంచి కూడా జనం సైకిళ్ళ మీద వస్తారు. దానికి వారం ముందు హారో బకెట్ పట్టుకుని వచ్చాడు.

"చూడు వీబ్కె, ఇది శవం. శవాన్ని పెట్టుకుని ఎవరైనా చుట్టాల్ని పిలుస్తారా? నీళ్ళు కూడా పాడవుతాయి. నువ్వు అటు తిరుగు తల్లీ, నేనే తీసేస్తాను."

"ముందు టీ తాగు."

కప్పులో పటికబెల్లం పలుకు వేసి, మీద వేడి టీ పోసి, మీగడ అంచు నుంచి జార్చింది. హారో చెంచాతో తొట్టిని చూపిస్తూ నీళ్ళ లెక్కలు మొదలుపెట్టాడు. కప్పు ఖాళీ అయింది. ఆమె నింపింది. ఎమ్డెన్‌లో పుట్టినవాడెవడైనా చాలనుకుంటే చెంచాను కప్పులో పెడతాడు. పెట్టనంతవరకు పోస్తూనే ఉండటం ఇంటావిడ ధర్మం. హారో చెంచా గాల్లోనే ఉంది. నాలుగో కప్పుకి అతని మాట నెమ్మదించింది. ఆరో కప్పుకి కాళ్ళు కదిలించడం మొదలైంది.

"నీళ్ళలో ఏం తేడా లేదు, రోజూ చూస్తున్నాను," అంది వీబ్కె, మళ్ళీ టీ పోస్తూ. "ఇంకా ఏం చెప్పాలి నాకు?"

"ముందు బాత్రూంకి వెళ్ళొచ్చి చెబుతాను," అన్నాడు హారో.

తిరిగొచ్చాక నిలబడే మాట్లాడాడు. "అది తొట్టిలో ఉంటే, ఆ రోజు తిరిగే ఇళ్ళ పట్టికలో నీ ఇల్లు ఉండదు. సంఘం మాట ఇది, నాది కాదు."

"కొట్టెయ్. బకెట్ మర్చిపోకు."

ఆ రోజు రానే వచ్చింది. వీబ్కె వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మం పక్కన అట్టముక్క మీద రాసి పెట్టింది: "ఇక్కడా తొట్టి ఉంది." ఏడుగురు లోపలికొచ్చారు. ఒక్కొక్కరికీ ఎముకను చూపించి, "ఇది చచ్చిందని సంఘం అంటోంది. నేను అనడం లేదు," అని చెప్పింది. ఇద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

జూలై వచ్చాక చెల్లెలు గేషె ఊరుకోలేకపోయింది. "అక్కా, హారో మీద పంతంతో చేస్తున్నావా ఇదంతా?"

"కొంత పంతమే," అని ఒప్పుకుంది వీబ్కె. "పంతం లేకపోతే జూన్‌లోనే పారేసేదాన్ని."

నిజంగానే జూన్‌లో ఎముక మీద పచ్చటి నాచు పట్టింది. మెత్తటి కుంచెతో వారం వారం దులిపింది. దీపం తగ్గించింది, నీటి ఉరవడి తగ్గించింది. జూలై అంతా చూసింది. ఏమీ లేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, భూతద్దంలో చూస్తుంటే అంచు కింద మసూరపప్పంత మచ్చ కనబడింది. నాచేమో అనుకుని కుంచె తాకించింది. మచ్చ ముడుచుకుంది. వీబ్కె కుంచె పక్కన పెట్టి చాలాసేపు చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. నెలాఖరుకి పదకొండు పిల్లలు లేచాయి, ఒక్కోదానికి చిన్న కాడ, చిన్న నోరు.

గేషె నోట్లో మాట ఆగదు కాబట్టి హారోకి తెలిసింది. ఈసారి బకెట్ తేలేదు, కటింగ్ ప్లయర్ తెచ్చాడు.

"ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. రెండు తుంచివ్వు. సంఘం తొట్టిలో పెడదాం, అందరికీ నీ పేరే చెబుతాను. పిల్లల్ని పంచుకోవడం మన ఆనవాయితీ కదా. పట్టికలో కూడా నీ ఇల్లు మొదటే వేస్తాను."

"తొట్టి మూత మీంచి చెయ్యి తియ్యి హారో."

"రెండేగా అడిగింది."

"పంచనని ఎవరన్నారు? పెద్దవైతే అవే కాడ విడిచి ఇసుకలో పడతాయి. ఏడాది పట్టొచ్చు, మూడేళ్ళు పట్టొచ్చు. పడినవాటిలో ఒకటి నీకిస్తాను. తుంచినది ఎవరికీ ఇవ్వను, నీ సంఘానికి అసలే ఇవ్వను. పట్టికంటావా, నా తలుపు నేను తీసుకోగలను."

హారో ప్లయర్ జేబులో వేసుకున్నాడు. వెళ్ళలేదు, తొట్టి వైపే చూస్తూ నిలబడ్డాడు.

"చూడాలనుంటే చూడు," అంది వీబ్కె, అతని ముందుకి కుర్చీ జరిపి. "చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకో."

హారో కూర్చున్నాడు.