ఎత్తిపెట్టుకున్న కూడు

పుస్తకం మీద నా పేరు కూడా వేయిస్తానని మాట ఇచ్చి తప్పిన మనిషి పోయిన నెల తిరుపతిలో కన్నుమూశాడు. ఆయన మా బావ. మా మేనత్త కొడుకు, మా అక్క మొగుడు. మద్రాసులో ఒక కాలేజీలో జీవితమంతా అర్థశాస్త్రం చెప్పి, పని మానుకున్నాక సొంత ఊరు చేరినవాడు. చిత్తూరులో తంతి నా చేతికి వచ్చినప్పుడు పెరట్లో జామచెట్టుకు నీళ్ళు పోస్తున్నాను. చదివి, బిందెలో మిగిలిన నీళ్ళు కూడా పోసి, అప్పుడు ఇంట్లోకి వెళ్ళాను. ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆ మాటే.

పత్రికలు ఆయన్ను చాలా మెచ్చుకున్నాయి. బీదవాడి ఆకలిని కాలేజీ పాఠంలోకి తెచ్చిన పండితుడన్నాయి. కూలివాడి పక్షాన నిలబడిన న్యాయమూర్తి లాంటివాడన్నాయి. అవన్నీ నిజమే. నిజం కాబట్టే నాకు కడుపు మంట. అబద్ధాలైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి.

మేమిద్దరం మద్రాసులో ఒకే గదిలో ఉండి బి.ఏ. చదివాం. ఆయన తిరుపతిలో అన్నానికి కొదవలేని ఇంట్లో పుట్టినవాడు. నేను బంగారుపాళ్యం దగ్గర మెట్టచేల పల్లెలో, వాన వస్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో పుట్టినవాణ్ణి. పుస్తకం తెరిచిన కాసేపటికే ఆయనకు నిద్ర వచ్చేది. నాకు పుస్తకం పూర్తయితే గాని వచ్చేది కాదు. పరీక్షల్లో నేనే ముందు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగలలేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి. ఆ తరువాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. "సదివింది సాలు, ఇంటికి రా అబ్బా" అని నాయన కబురు పెట్టాడు. నేను వచ్చేశాను. మా బావ ఎమ్.ఏ.లో చేరాడు. నేను చిత్తూరు హైస్కూల్లో పిల్లలకు రాజుల కథలు చెబుతూ ఉండగా, ఆయన లెక్చరరయ్యాడు, ప్రొఫెసరయ్యాడు, సర్కారు కమిటీల్లో కూర్చున్నాడు. ఆయన ఎక్కిన ప్రతి మెట్టూ నేను పేపర్లో చదివి తెలుసుకున్నాను. చదివిన రోజు రాత్రి అన్నం సయించేది కాదు.

చదువులో ఆయన నాకు ఏనాడూ సాటి రాలేదు. ఒకసారి మా ఇంట్లో గోడ పొడవునా ఉన్న నా పుస్తకాలు చూసి, "నువ్వు సదవతా ఉండు అబ్బా, నేను అడగతా ఉంటా. ఇద్దరికీ పొద్దు పోతాది" అన్నాడు. ఎకసక్కెం అనుకున్నాను. కాదు, ఆయన పద్ధతే అది. ఎక్కడికి వెళ్ళినా అడిగేవాడు. క్లాసులో సుద్దముక్క రెండుగా విరిచి, ఒక ముక్క తాను ఉంచుకుని, రెండోది ఎవరో ఒక కుర్రవాడి చేతిలో పెట్టి, "మీ ఊళ్ళో కూలికి ఏమిస్తారో రాయి" అనేవాడట. మిగతా ప్రొఫెసర్లు బ్యాంకుల గురించీ మారకం రేట్ల గురించీ చెబుతుంటే, ఈయన గంజి గురించి చెప్పేవాడు. వాళ్ళు చాటుగా గంజి ప్రొఫెసరని పేరు పెట్టారు. అది విని నాకు సంతోషం కలిగింది. ఆయనకు నాకంటే ఎక్కువ సంతోషం కలిగిందని తరువాత తెలిసి, ఉన్న సంతోషం కాస్తా పోయింది.

ఒక మాట ఆయన తరచు అనేవాడు. "ధర ఎంతో అంగడివాడు చెబుతాడు. ఆ ధరకు కొనలేనివాడు ఆ పూట ఏం చేశాడో చెప్పడానికే మనం జీతం తీసుకునేది."

యుద్ధంలో, జపానువాళ్ళు బాంబులు వేస్తారని మద్రాసు సగం ఖాళీ అయిన ఏడు, ఆయనా అక్కా చిత్తూరు వచ్చి మా ఇంట్లో దిగారు. ఆ నెలలు ఒప్పుకోక తప్పదు, నా జీవితంలో మంచివి. పొద్దున్నే ఇద్దరం సంతకు వెళ్ళేవాళ్ళం. ఆయన ప్రతి గంప దగ్గరా ఆగి ధర అడిగేవాడు, ఏదీ కొనేవాడు కాదు. ఒకరోజు వంకాయలమ్మే ఆమె ఓపిక పట్టలేక అడిగింది.

"ఏం సామీ, కొనేదానికి వచ్చినావా, ఏలం పాడేదానికి వచ్చినావా?"

"అడగనీమ్మా. నా పనే అడిగేది."

"అడిగినందుకు జీతమిస్తారా? అట్లయితే మా ఇంటాయన్ను గూడా సేర్పించు. ఆయప్పకు దినమంతా అదే పని."

మా బావ సంత మధ్యలో నిలబడి కళ్ళు తుడుచుకునేటంత నవ్వాడు. అలా నవ్వగలిగినందుకు కూడా ఆయనంటే నాకు అసూయే. నన్ను అలా అంటే నేను మళ్ళీ ఆ దారినే పోయేవాణ్ణి కాదు.

ఊరకే కూర్చోవడం చేతకాక చుట్టుపక్కల పల్లెల్లో కూలివాళ్ళ తిండి మీద విచారణ మొదలుపెట్టాడు. బడికి సెలవులు కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. చెప్పులు చేతిలో పట్టుకుని చేల మధ్య గెనాల గట్ల మీద నడిచేవాడు. ప్రతి గుడిసె ముందూ గొంతుక్కూర్చుని, ఎవరెవరు ఏం తిన్నారని అడిగేవాడు. మగవాళ్ళు సంగటి తిన్నామనేవాళ్ళు. పిల్లలు తిన్నామనేవాళ్ళు. చివరికి ఇంటి ఆడమనిషి వైపు తిరిగి, "నీకు ఉండాదామ్మా?" అనేవాడు. ఏ ఇంట్లోనైనా ఒకటే జవాబు.

"నాకు ఎత్తిపెట్టుకోనుండా లే సామీ."

కొన్ని ఊళ్ళు తిరిగాక ఒక మధ్యాహ్నం తిరిగి వస్తూ హుషారుగా అన్నాడు. "కరువు కరువంటారే గాని, సూసినావా అబ్బా, ప్రతి ఇంట్లో ఎత్తిపెట్టుకోనుండారు. మనోళ్ళకు దాసుకునే బుద్ధి ఉండాది. ఈ సంగతి ఎవురూ రాయలేదు."

నాకు నవ్వు ఆగలేదు.

"ఎందుకబ్బా నగతావు?"

"నగక ఏం జేసేది బావా? ఎత్తిపెట్టుకున్నానంటే కుండలో ఏమీ లేదని. తినేవాళ్ళు చెయ్యి ఆపకుండా తినాలని ఆడోళ్ళు అనే మాట అది. పెద్ద ప్రొఫెసరు, దాన్ని దాచుకున్న ధాన్యమని రాసుకుంటే నగరా?"

ఆయన దారిలో నిలబడిపోయాడు.

"నీకెట్లా తెలుసు?"

"మా అమ్మ దినామూ అదే అనేది."

ఇంకొకరైతే తరువాత దిద్దుకుందామనుకునేవారు. ఆయన ఆ ఎండలో వెనక్కి తిరిగాడు. అప్పుడే వదిలి వచ్చిన గుడిసె ముందు మళ్ళీ కూర్చుని, "ఎత్తిపెట్టింది సూపించమ్మా" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సూపిచ్చేదానికి ఏముండాది సామీ? అందురూ లేసినాక కుండ కడిగి తాగేదే." ఆయన లేచి ఆమెకు దండం పెట్టాడు. అంతవరకు తిరిగిన ఊళ్ళన్నీ మళ్ళీ మొదటి నుంచి తిరిగాం. ఈసారి ముందు అడిగిన ప్రశ్న వేరు: ఈ ఇంట్లో కడాన తినేది ఎవురు?

చదువుకున్నవాళ్ళందరికీ ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే ప్రశ్న ఇదే. ఇంటికి ఇంత గింజలని సగటు కడితే చాలదని, ఆ ఇంట్లోనే ఒకరి ఆకలి ఇంకొకరి వెనక దాగి ఉంటుందని ఆ తరువాత రాసిన పుస్తకంలో ఆయన వాదించాడు. కరువులో సర్కారువాళ్ళు పోసే గంజి ముందుగా ఎవరికి అందాలో ఆ ప్రశ్నను బట్టే చెప్పాడు. అదంతా ఆయన కష్టమే, నేను కాదనను. కాని ఆ దారిలో నేను నవ్వకపోతే ఆ పుస్తకం వేరే పుస్తకం అయ్యేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ సాయంత్రమే నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "దీని మింద నీ పేరు, నా పేరు పక్కపక్కన ఉంటాయి. నీదే ముందు."

యుద్ధం ముగిశాక పుస్తకం వచ్చింది. అట్ట మీద ఒక్క పేరే ఉంది. ఆయనది. లోపల వెతికాను. చిత్తూరు జిల్లా రైతుకూలీలకు కృతజ్ఞత చెప్పాడు. నాకు లేదు. వయసు మళ్ళిన బడిపంతులుకు పుస్తకం మీద పేరు ఎందుకని మీరు అనుకోవచ్చు. నాకు ఇంకేదీ లేదు. చదివిందంతా నా తలలోనే ఉండి నాతోనే పోతుంది. బయటికి వచ్చి నలుగురికి పనికొచ్చిన ముక్క అదొక్కటే.

ఆ తరువాత ఆయనకు జాబు రాయలేదు. ఒకసారి చిత్తూరులో ఉపన్యాసానికి వచ్చాడు. వెళ్ళకూడదనుకుని వెళ్ళి, చివరి వరసలో కూర్చున్నాను. ఎత్తిపెట్టుకోవడమనే మాట గురించి చెబుతూ, "దీనికి అర్థం నాకు ఒకరు నేర్పించారు" అన్నాడు, నా వైపు చూస్తూ. పేరు చెప్పలేదు. నేను లేచి బయటికి నడిచాను. సభ అయ్యాక వెతుక్కుంటూ వచ్చాడు.

"కోపమా అబ్బా?"

"నాకు కోపమెందుకు? తమరు పెద్దవారు."

"తమరంటావా నన్ను?"

"పుస్తకాలు రాసినవాళ్ళను అట్లే అనాల గదా."

ఆయన నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. "ఎండగా ఉండాది, గొడుగు తెచ్చుకోలేదా?" అని వెళ్ళిపోయాడు. నా దగ్గర దొంగతనం చేసినవాడికి నా నెత్తి మీద ఎండ గురించి బాధ ఏమిటని ఆ వారమంతా రగిలిపోయాను. ఇక ఆయన్ను చూడలేదు.

కర్మల్లో పెద్దదినానికి తిరుపతి వెళ్ళాను. ఇల్లు పట్టనంత మంది వచ్చారు. కోటు వేసుకున్నవాళ్ళు, కాళ్ళకు చెప్పులు లేనివాళ్ళు పక్కపక్కన నిలబడి ఏడుస్తున్నారు. నేను చచ్చిపోతే ఎవరొస్తారని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. అందరూ వెళ్ళాక, అక్క కూర్చున్న గదిలోకి వెళ్ళి, ఉండబట్టలేక అనేశాను.

"ఒకని పేరు మింగినోడికి ఎంతమంది ఏడ్సేవాళ్ళు!"

అక్క తల ఎత్తింది. "మింగింది ఆయన గాదురా. తీసేయమనింది నేను."

"నువ్వా?"

"నేనే. అచ్చుకు పంపేటప్పుడు నీ పేరే ముందు రాసినాడు. నేను వద్దంటి."

"ఎందుకు?"

"అమ్మ ఎత్తిపెట్టుకున్నానంటే కుండలో లేదని, నీకు ఎప్పుడు తెలిసిందిరా? పెద్దయినాకనా?"

"సిన్నప్పుడే తెలుసు" అన్నాను. అది నా తెలివికి గుర్తని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

"తెలిసీ ఇంకో ముద్ద అడిగేవాడివి. ఆయనకు తెలీదు. తెలీక తప్పు రాసినాడు, తెలిసినాక దిద్దుకున్నాడు. నువ్వు తెలిసి తిన్నావు. అమ్మ ఆకలి మింద నీ పేరు ఎక్కేది నేను ఓర్సుకోలేకపోతి."

"నువ్వు మాత్రం తినలేదా?"

"నేను కడాన, అమ్మ పక్కన కూసుంటి గదరా."

నేను అడిగాను, ఈ ముక్క అప్పుడే నా ముఖం మీద ఎందుకు అనలేదని.

"అనుంటే నువ్వు నాతో మాట్లాడేది మానేసేవాడివి. పుట్టింటి దిక్కున నాకు మిగిలింది నువ్వొక్కడివే. ఆయనే అన్నాడు, ఆ కోపం నా మిందే పెట్టుకోనీలే, నాకేం బరువని."

పాకాల మీదుగా చిత్తూరు వచ్చే రైల్లో అదంతా మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకున్నాను. ఆకలేసిన పిల్లవాడు ముద్ద అడుగుతాడు. అది నేరమే అయితే, నాతో చెప్పి శిక్ష వేయాలి. అక్కతో నేను ఒక ఏడాది పోట్లాడి, మళ్ళీ వెళ్ళి ఆమె గడపలో కూర్చునేవాణ్ణి. తోడబుట్టినవాళ్ళం, అంతకంటే ఏమవుతుంది? ఆ పోట్లాట తప్పించుకోవడానికి తన మొగుణ్ణి నా కోపానికి ఇచ్చేసింది. ఆయన కూడా దానికి అడ్డం వెళ్ళి నిలబడ్డాడు. ఎదురుగా నిలబడి నేను తమరని వెక్కిరిస్తుంటే, మీ అక్కనడుగు అనే రెండు మాటలు నోటిదాకా వచ్చి కూడా అనలేదు. నాకైతే అది చేతనయ్యేది కాదు. చచ్చిపోయాక కూడా మా బావ నాకు అసూయపడటానికి కొత్త కారణం ఇచ్చి వెళ్ళాడు.

ఆ రోజు తిరుపతిలో నేను బయలుదేరేటప్పుడు అక్క తలుపు వెనక నిలబడి, "మళ్ళా ఎప్పుడొస్తావురా?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా మెట్లు దిగాను. బతికుండగా ఆయన్ను నాకు లేకుండా చేసింది మా అక్క.