పొద్దుటి పొగ పల్లానికే పోతుంది

ఎస్తేరమ్మ గారు పోయి నేటికి ఇరవై ఆరు రోజులు. ఆ కబురు నాకెవరూ తెచ్చి చెప్పలేదు. ఆసుపత్రి వరండాలో నేనూ ఉన్నాను. ఆ ఉదయం నేనొక తప్పు చేశాను. అది చెప్పకుండా ఆమెను గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

అది శనివారం. మర్నాడు మా చర్చికి అతిథులు వస్తున్నారు. సంఘ కార్యదర్శిగా ఆవరణ శుభ్రం చేయించే బాధ్యత నాది. ముందురోజు ఊడ్చి పోగేసిన సిల్వర్ ఓక్ ఆకులు మంచుకు తడిసి ఉన్నాయి. ఆరున్నరకు, మంచు విడవకముందే, కిరసనాయిలు చల్లి నిప్పు పెట్టాను. ఎస్తేరమ్మ గారి ఇల్లు ఆవరణ గోడకు దిగువనే. పది నిమిషాలకు ఆమె కోడలు సువార్త గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“మాస్టారూ, బేగి ఆర్పండి. ఇల్లంతా పొగ కమ్మీసింది. అత్తకి ఊపిరాడట్నేదు.”

“ఐదు నిమిషాల్లో అయిపోతాదమ్మా. తలుపులేసుకోండి,” అన్నాను.

పక్కనే కుళాయి ఉంది. దాని కింద బకెట్ ఉంది. నేను చీపురు తీసుకుని మిగిలిన ఆకులు కూడా మంటలోకి తోశాను. గంట తర్వాత ఆమెను ఆటో ఎక్కించిన వాళ్లలో నేనూ ఒకణ్ని. మధ్యాహ్నం డాక్టరు బయటికి వచ్చి, ప్రాణం పోయిందనీ, ఊపిరితిత్తులు ఎప్పటినుంచో దెబ్బతిని ఉన్నాయనీ చెప్పారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

ఆమె ముప్పై ఏళ్లు ఈ కొండల్లో ఆరోగ్య కార్యకర్తగా తిరిగారు. డుంబ్రిగుడ సంతలో ఆమె కనబడితే ఆడవాళ్లు చుట్టలు కొంగుచాటున దాచి, “పొగ పోలీసు వత్తంది” అని నవ్వుకునేవారు. మా ప్రాంతంలో ఆడవాళ్లు నిప్పుకొస నోటి లోపల పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటాం. ఒకసారి ఒక ముసలామె ఎదురు తిరిగింది.

“దీని రుచి నీకేటి తెలుసే?”

ఎస్తేరమ్మ గారు నోరు తెరిచి అంగిట్లో మచ్చలు చూపించారు. “సూడు. నలభై ఏళ్లొచ్చీదాకా నేనూ నిప్పు మింగినదాన్నే. రుచి తెలీకేటి? మానడమే కట్టం.”

ముసలామె చుట్టను తుంచి సగం ఆమె చేతిలో పెట్టింది. “సగమే మానతాను.”

“సరే, ఇలగియ్యి. రెండో సగం పై సంతకి తెద్దువుగాని,” అని ఆ ముక్కను పుచ్చుకున్నారు.

ఎస్తేరమ్మ గారు మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నా భార్య దగ్గుతూ టీ కాస్తోంది. మా వంటగదికి అప్పటికి కిటికీ లేదు. ఎస్తేరమ్మ గారు గ్లాసు అందుకోకుండా నన్ను పిలిచి పొయ్యి ముందు కూర్చోబెట్టారు. “రోజంతా అక్కర్లేదు మాస్టారూ, ఇంకో గ్లాసు టీ మరిగీదాకా కూసో.” రెండు నిమిషాలకే కళ్లు తుడుచుకుంటూ లేచాను. “బళ్లో పిల్లలకి గాలీ వెలుతురూ పాఠం సెప్తావట. నీకు సెప్పీవోడు లేడేటి?” అన్నారు. ఆ వారంలోనే గోడ పైభాగాన కన్నం కొట్టించాను. ఆమె మళ్లీ వచ్చి, పొగ బయటికి పోవడం కళ్లారా చూసి, అప్పుడు టీ తాగారు.

ఆమె చెప్పినవన్నీ చిన్న అలవాట్లే. చోళ్లు, అంటే రాగులు, తూర్పారబట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమనేవారు. కొండెక్కేవాళ్లతో “కబుర్లు పైకెళ్లాక. ముందు ఊపిరి మొయ్యి” అనేవారు. ఆయాసపడేవాళ్లకు పెదాలు సున్నాలా చుట్టి చూపించి, “వేడి అంబలి ఊదినట్టు మెల్లగా ఊదు” అనేవారు. ఆయాసంతోనే తానూ రోజూ ఎండెక్కాక రోడ్డు మలుపు దాకా నడిచి వచ్చేవారు. దారిలో మూడుచోట్ల ఆగేవారు, దానికి సిగ్గుపడేవారు కాదు. గోడ అవతలి దగ్గు విని అది ఎవరిదో, ఎన్నాళ్లదో చెప్పగలిగిన చెవి ఆమెది. అలాంటి చెవి మాకిక దొరకదు.

నాకు మాత్రం మూడు నాలుగుసార్లు చెప్పారు. “సలికాలం పొద్దున్నే నిప్పెట్టకు మాస్టారూ. మంచు మూతేసినట్టుంటాది. పొగ పైకి పోదు, నీళ్లలాగ పల్లానికే పోద్ది.” కాబట్టి నేను తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

సమాధి దగ్గర సంఘం తరఫున నన్నే మాట్లాడమన్నారు. ఆమె సేవలను గురించి పది నిమిషాలు మాట్లాడాను. అందులో ఒక్క అబద్ధం లేదు. శనివారం ఉదయం సంగతీ లేదు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అన్నం తింటున్నాను, బడికి వెళుతున్నాను.

పన్నెండో రోజున సువార్త దగ్గరికి వెళ్లాను. చేటలో చోళ్లు చెరుగుతోంది.

“ఆ రోజు నువ్వు చెప్పగానే ఆర్పాల్సింది. ఆర్పలేదు. తప్పు నాది,” అన్నాను.

“నాకు తెల్సు మాస్టారూ. వచ్చి సెప్పింది నేనే కదా,” అంది, తల ఎత్తకుండా.

తిడుతుందనుకున్నాను, లేదా పోనీలెమ్మంటుందనుకున్నాను. రెండూ అనలేదు. చేట పక్కన పెట్టింది. “అత్త మంగళారం మంగళారం పై ఊరెల్లీది. సోమన్న తాతకి పీల్చే మందుంది, దగ్గరుండి పీల్పించీది. రెండు మంగళారాలు పోయాయి. పసిదాన్నొదిలి నేనెల్లనేను.”

ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి జరిగినదంతా చెప్పి కార్యదర్శి పదవి వదిలాను. చర్చి వెనక ఆకులకు గొయ్యి తవ్వాను. అవి కష్టమనిపించలేదు. సోమవారం ఆసుపత్రికి వెళ్లి, మందు డబ్బా ఎలా పట్టుకోవాలో, ఎంతసేపు ఊపిరి బిగబట్టాలో నర్సు దగ్గర నేర్చుకున్నాను. మర్నాడు కొండెక్కాను.

“అమ్మ రానేదేటి?” అన్నాడు సోమన్న. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆమె పోయారని చెప్పాను. నిప్పు ఎవరు పెట్టారో కూడా చెప్పాను. ఆయన చాలాసేపు దారి వైపే చూశాడు. నేను నిలబడే డబ్బా తీసి, “ముందు లోపలున్న ఊపిరంతా వదిలెయ్యాలి తాతా,” అన్నాను.

“ఆయమ్మయితే ముందు నా పక్కన కూసునీది,” అన్నాడాయన. “నువ్వు ఆయమ్మవి కావు. అయినా కూసో.”

కూర్చున్నాను. ఆయన రెండుసార్లు పీల్చాడు. మొన్న మంగళవారం కూడా వెళ్లాను.