బత్తెం రాని నెల

క్వార్టర్సులో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. యూనిఫాం చొక్కాలకు పట్టీలు కుట్టడం, నడుములు వదులు చేయడం ఆమె పని. ఏ సిపాయి పొట్ట ఎంత పెరిగిందో వాడి పెళ్లాంకన్నా ముందు టైలరమ్మకే తెలుస్తుందని అక్కడ హాస్యం. ఆమె భర్త మాత్రం చువ్వలాంటి మనిషి. సైన్యంలో లారీ డ్రైవరు. ఎక్కడో రెండు పక్షాలు కొట్టుకు చస్తుంటే మధ్యలో నిలబడడానికి వెళ్లిన శాంతిదళంలో ఉన్నాడు.

వెనకటి సైనికుడికి గెలిచిన ఊరి దోపిడీలో వాటా ఉండేది. శాంతి కాపాడేవాడికి దోచుకోవడానికి ఏముంటుంది? గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఉన్నదల్లా బత్తెం. జీతం మనిషి ఎక్కడున్నా వస్తుంది. విదేశీ బత్తెం అలా కాదు, ఆ నేల మీద డ్యూటీలో ఉన్న రోజులకే లెక్క. అందుకే క్వార్టర్సు ఆడవాళ్లకు అది డబ్బు మాత్రమే కాదు, మనిషి కాళ్ల మీద ఉన్నాడన్న కబురు కూడా.

ఆ నెల టైలరమ్మకు జీతం పడింది, బత్తెం పడలేదు.

జాకెట్టు కొలతకు పక్కింటి పిన్ని వచ్చింది. ఆమె అల్లుడూ అదే దళంలో ఉన్నాడు. టైలరమ్మ ఆమెను మాటవరసకు అడిగినట్టు అడిగింది.

"పిన్నీ, మీ అల్లుడి బత్తెం పడిందా?"

"పొద్దున్నే పడింది. నీకో?"

"పడింది," అంది టైలరమ్మ. సూది వేలికి గుచ్చుకుంది.

పది రోజులుగా భర్త గొంతు వినలేదు. టైపు కొట్టిన ముక్కలే వస్తున్నాయి: బాగున్నా, సిగ్నల్ లేదు. అక్షరాలకు గొంతు ఉండదు కదా, ఎవరైనా కొట్టవచ్చు. లోపలి గదిలోకి వెళ్లి జీతాల ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఆపమని కాగితం వచ్చిందమ్మా," అన్నాడు గుమాస్తా.

"ఎందుకు ఆపమన్నారండీ?"

"కారణాలు మా దాకా రావు. ఇమ్మంటే ఇస్తాం, ఆపమంటే ఆపుతాం."

తిరిగి మిషను దగ్గర కూర్చుంది. వీధిలో ఏ బండి చప్పుడైనా కాలు పెడలు మీదే ఆగిపోతోంది. ఇంతలో ఖాతాలో డబ్బు పడిందని ఫోన్‌కు మెసేజీ వచ్చింది. అచ్చంగా బత్తెమంత మొత్తం! పంపింది అదే దళంలో ఉన్న భర్త స్నేహితుడు, పొడుగాయన.

మరొకరైతే హమ్మయ్య అనుకునేవారు. ఆమె మాత్రం మిషను ఆపేసింది. ఆ పటాలంలో తోటివాళ్లు చందా వేసి ఇంటికి పంపేది ఒక్కందుకే. పిన్నికి భర్త పోయినప్పుడు ముందు డబ్బు వచ్చింది, తర్వాత చావు కబురు మోసుకుని జీపు వచ్చింది.

పిన్ని ఆ ఫోన్ తీసుకుని చూసింది. "ఏం కాదులే అమ్మాయ్," అంటూనే స్టూలు లాక్కుని కూర్చుంది. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చానన్న మనిషి కదలడం లేదు. టైలరమ్మను ఎక్కువ భయపెట్టింది అదే.

పొడుగాయనకు ఫోన్ కలిపింది.

"వదినా! డబ్బు పడిందా? సరిపోయిందా?"

"ఎవరిదది?"

"వాడిదే... అంటే, ఇక్కడ బ్యాంకు..."

"అబద్ధమాడడం చేతకాకపోతే నోరు మూసుకోవయ్యా. మనిషి ఉన్నాడా, లేడా?"

"అయ్యో, ఉన్నాడు వదినా! లారీ బోల్తా పడింది. పక్క దేశం ఆస్పత్రిలో ఉన్నాడు. బత్తెం ఆగితే నువ్వు కనిపెట్టేస్తావని తలా కాస్త వేశాం. వాడి ఫోన్ నా దగ్గరే ఉండిపోయింది, ఆ మెసేజీలు నేనే కొట్టా."

"నాకు మనిషి కనిపించాలి. ఇప్పుడే."

వార్డు నర్సు ఫోన్ నుంచి వీడియో వచ్చేదాకా టైలరమ్మ ఫోన్ కింద పెట్టలేదు. వచ్చింది. మాసిన గడ్డం, కుడి చేతికి సిమెంటు కట్టు.

"ఏమే, ఇన్నాళ్లూ నేను లారీ మీద కూర్చున్నా. మొన్న అదే నా మీద కూర్చుంది."

"నవ్వకండి. ఎడమ చెయ్యి."

ఊపాడు.

"కాళ్లు."

"దుప్పటి కప్పుకున్నానే. చలి."

"కాళ్లు చూపించండి."

ఫోన్ ఊగింది, గోడ కనిపించింది, దుప్పటి తొలగింది. ఒక పాదం. వేళ్లు ఆడించాడు.

"రెండోది?"

"దాన్ని ఎత్తలేనే... ఆగు."

నర్సు చెయ్యి ఫోన్‌ను పక్కకు తిప్పింది. మోకాలి నుంచి లావుపాటి కట్టు. దాని చివర వాచిన వేళ్లు. పిన్ని టైలరమ్మ భుజం పట్టుకుంది.

"కదపండి," అంది టైలరమ్మ.

బొటనవేలు కదిలిందో, ఫోనే కదిలిందో తెలియలేదు. ఆమె తెరను కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుంది.

"ఇంకోసారి కదపండి."