బావి కాడ చేతుల బండ

"గోడ మీద ఏం రాస్తున్నవ్ సారూ?" అని వెనక నుంచి ఒక ఆడమనిషి అడిగింది.

బొంరాస్‌పేట దాటినంక కొడంగల్ దిక్కు పోయే బాటలో ఒక ఊరు అది. చావడి గోడకు సున్నం కొట్టించి, నల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాను. "ఊరి బావి అందరిది, ఎవరైనా నీళ్లు తోడుకోవచ్చు అని రాస్తున్న" అన్నాను.

ఆమె ఆ అక్షరాల వైపు కాసేపు చూసింది. "గట్లనా? మా ఇండ్ల జాగ సర్కారు తీసుకుంటదని రాస్తున్నవని అనుకుంటున్నరు వాడల" అంది. నేను చెప్పింది ఆమె నమ్మిందో లేదో తెలియలేదు. గడ్డిమోపు ఎత్తుకొని వెళ్లిపోయింది.

అప్పటికి పోలీస్ యాక్షన్ జరిగి పదేండ్లు కావస్తోంది, కొత్త రాష్ట్రం ఏర్పడి కొంతకాలమైంది. నేను వికారాబాద్‌లో ఒక బడిలో డ్రాయింగ్ మాస్టర్‌ని. బ్లాక్ ఆఫీసు వాళ్లు సెలవు రోజుల్లో ఊళ్ల గోడల మీద సర్కారు మాటలు రాయమని నాకు పని చెప్పేవారు. మలేరియా గురించి, బడి గురించి, ఎరువుల గురించి రాసేవాణ్ణి. బావి మాట రాయమన్నప్పుడు మాత్రం మా ఊరి బావి కళ్ల ముందు కనబడింది. మాది పూడూరు అవతల ఒక పల్లె. మా అయ్య దొర పొలంలో జీతం ఉండేవాడు. మేము ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లమైనా ఊరి బావి దగ్గర మాత్రం మా అవ్వ కుండ కింద పెట్టి దూరంగా నిలబడేది. ఎవరికైనా దయ పుట్టి పోస్తే నీళ్లు, లేకుంటే లేదు. ఎండాకాలం పొద్దుటి నుంచి నిలబడి ఒట్టి కుండతో తిరిగొచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి.

మళ్లీ ఆ ఊరికి పోయేసరికి నా అక్షరాల మీద పేడ కొట్టి ఉంది. అది చూసి నాకు కోపం రాలేదు. ఊరి బయటి వాడవాళ్లు ఒక్కరు కూడా ఆ అక్షరాలు చదవలేదన్నది నన్ను ఎక్కువ బాధపెట్టింది. చదువొచ్చిన వాళ్లకు ఆ మాట అక్కర లేదు. అక్కర ఉన్నవాళ్లకు చదువు రాదు. మరి నేను ఎవరి కోసం రాసినట్టు?

ఆ ఆదివారం రైలెక్కి తాండూరు పోయాను. అక్కడ నాకు ఒక దోస్తు ఉండేవాడు. వయసులో మా అయ్యకంటే పెద్ద, అందుకే చాచా అని పిలిచేవాణ్ణి. ఆయన కాతిబ్. ఉర్దూలో అందంగా చేతిరాత రాసి రాతి అచ్చు ప్రెస్సుకు ఇవ్వడం ఆయన పని. తాండూరు బజారులో పాత బోర్డులు చాలా వరకు ఆయన రాసినవే. పోలీస్ యాక్షన్ అయిన తర్వాత చాలా రోజులు ఆయన ఇంట్లో నుంచి బయటికి రాలేదట. వచ్చాక చూస్తే, ఒక్కొక్క దుకాణమే ఆయన అక్షరాల మీద రంగు పూసి తెలుగులో రాయించుకుంటోంది. "పరేషాన్ గాకు చాచా, తెలుగు అక్షరాలు నేర్పిస్త" అని నేనంటే, "నీకు కలం పట్టుడు నేర్పిస్త" అని ఆయన అన్నాడు. అలా మొదలైంది మా ఆదివారం పని.

వెదురు కలాన్ని ఏటవాలుగా కోసి, ఆయన తెలుగు అక్షరాలు రాసేవాడు. కలం తిరిగిన చోట గీత లావయ్యేది, జారిన చోట సన్నమయ్యేది. నేను బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరం ఆయన చేతిలో వేరే మనిషిలా కనబడేది. ఒక్కోసారి ఒక్క మాటే తీసుకొని పాత కాగితాల నిండా రకరకాలుగా రాసేవాళ్లం. ఎందుకు చేస్తున్నామని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఒకసారి 'నీరు' అని రాసి గోడకు అంటించాం. చాచా తలకట్టును పైకి లేపకుండా అడ్డంగా లాగాడు. కన్నడం మాట్లాడే సేడం దిక్కు నుంచి కందులు కొనడానికి వచ్చిన ఒక బేరగాడు మంచినీళ్ల కోసం లోపలికి వచ్చి, దాన్ని చూసి, "మీ ఇంట్ల కన్నడ ఎవరికొస్తది?" అని అడిగాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "నీరు అనే గద? దీర్ఘం మేము జర పక్కకు పెడ్తం, గంతే ఫరక్" అన్నాడతను. అతను వెళ్లిన తర్వాత చాచా కింద ఉర్దూలో 'పానీ' అని రాసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఈసారి మాత్రం ఆ గోడ మీది పేడ గురించి చెప్పాను. చాచా కలం పక్కన పెట్టాడు. తర్వాత తన కుడి అరచేయి చాపి నా ముందు పెట్టాడు. "గిది చదువొస్తదా వాళ్లకు?" అన్నాడు.

అక్కడి నుంచి ఆలోచన సాగింది. ఒక తాండూరు బండ తీసుకుందాం. పైన చిన్నగా 'నీరు', 'పానీ' రాద్దాం. మిగతా బండంతా ఊరివాళ్ల చేతి ముద్రలే. వరస లేకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా వేయిద్దాం. ఎర్ర జాజు రంగును అవిసె నూనెలో కలిపితే రాతికి పట్టుకుంటుంది. బ్లాక్ ఆఫీసరుకు కాగితం మీద గీసి చూపించాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "దీన్ని బోర్డు అంటారా మాస్టారూ?" అన్నాడు. చివరికి సరే అన్నాడు గాని, "గొడవైతే మాత్రం నేను చెప్పలేదు, మీరే పెట్టుకున్నారు" అని ముందే అనేశాడు.

ఎడ్లబండిలో బండను తీసుకొని, నేనూ చాచా పొద్దున్నే ఆ ఊరు చేరాం. చేదబావి గోడకు బండను ఆనించి, మట్టి తట్టలో రంగు కలిపి పెట్టాను. వాడవాళ్లు దూరంగా, ఊరివాళ్లు ఇటువైపు, నడుమ మేమిద్దరం. ఈ బావి మనందరిదని చెప్పడానికే అందరి ముద్రలూ అని గట్టిగా చెప్పాను. ఎవరూ కదలలేదు.

గొర్లు కాసే ఒక ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి అన్నాడు: "మా నాయిన ఒక్క ఏలుముద్ర ఏసిండు సారూ. మా చెల్క భూమి పోయింది. ఇయ్యాల నువ్వు చెయ్యి మొత్తం ఏయమంటున్నవ్."

వేలిముద్ర అంటే ఆ రోజుల్లో భయం. ముద్ర వేసినవాడికి ఏమొస్తుందో తెలియదు, ఏం పోతుందో మాత్రం తెలుసు. కాగితం మీద గీసినప్పుడు ఈ సంగతి నాకు తట్టనే లేదు.

"ఇది కాగితం కాదు తాతా. బండ. ఎవరూ సంచిల పెట్టుకొని సర్కారు కచేరికి తీస్కపోలేరు" అన్నాను చివరికి.

ఎవరో చిన్నగా నవ్వారు. అప్పుడు వాడ దిక్కు నుంచి ఆమె వచ్చింది, గోడ మీద ఏం రాస్తున్నవని అడిగిన ఆమె. భర్త పోయి, కూలి చేసుకొని బతుకుతోందని తర్వాత తెలిసింది. కొంగు నడుముకు దోపుకొని, తట్టలో చేయి ముంచి, బండ నట్టనడుమ అదిమింది. చేయి తీసి ముద్ర వైపు చూసింది. "నాకు భూమి లేదు, ఏం పోతది" అని, చేతిని గడ్డికి రుద్దుకుంటూ పక్కకు నిలబడింది.

తర్వాత ముద్ర వేసింది గొర్లకాపరి పెండ్లాం. ముసలాయన ఏదో అనబోతే, ఆమె వినిపించుకోలేదు. ఆ తర్వాత ఎవరెవరు వచ్చారో నేను చూడలేదు. రంగు కలపడంలోనే పడిపోయాను. చేతి మీద చేయి పడుతూ బండంతా ఎర్రగా నిండిపోయింది. చాచాను కూడా వేయమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి నా చెవి దగ్గర అన్నాడు: "నా చెయ్యి వద్దు. ముసల్మాన్ చెయ్యి ఉన్నదని తెలిస్తే బండనే ఉంచరు." కలం తీసి పైన 'నీరు' పక్కన 'పానీ' మాత్రం రాశాడు.

ఎండ నెత్తికెక్కే వేళకు ఊరి పెద్ద అయిన పటేల్ వచ్చాడు. వెనక నలుగురైదుగురు మనుషులు. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. ఆయన బండ ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"వాడోళ్ల చెయ్యి ఏది?" అని అడిగాడు.

"తెలియదు" అన్నాను. నిజంగానే తెలియదు. మొదటి ముద్ర మీద కూడా అప్పటికి ఎన్నో చేతులు పడ్డాయి.

"నువ్వెవరోళ్లవు?"

గుంపంతా నా వైపు తిరిగింది. నా ప్యాంటూ చొక్కా చూసి వాళ్లు ఏమనుకున్నారో గాని, అప్పటి వరకు ఎవరూ ఆ మాట అడగలేదు. ఏ పల్లె నుంచి వచ్చానో, మా అయ్య ఎవరో, మా ఇల్లు ఊళ్లో ఏ దిక్కున ఉంటుందో చెప్పాను.

పటేల్ నవ్వలేదు, తిట్టలేదు. వెనక్కి తిరిగి తన జీతగాణ్ణి పిలిచాడు. "సమ్మెట తే. వాడోళ్ల చేతులు ఉన్న కాడ కొట్టు. మిగతాది ఉండనీ."

జీతగాడు సమ్మెట తెచ్చాడు. బలమైన మనిషి, ముప్పై దాటినవాడు. బండ ముందు నిలబడి, సమ్మెట భుజం ఎత్తు వరకు లేపి, అక్కడే ఆగాడు. ఎక్కడ కొట్టాలో తెలియక ఆగాడని అనుకున్నాను. అతను తలతిప్పి గుంపులోకి చూశాడు.

"అవ్వా, నువ్వు ఏసినవా?" అన్నాడు.

గొర్లకాపరి పెండ్లాం ముందుకు వచ్చింది. ఆ జీతగాడు ఆమె కొడుకని అప్పుడు తెలిసింది. "ఏసిన" అంది.

"యాడ?"

"గా చేతులల్లనే యాడనో ఉన్నది. నాకూ ఎరుక లేదు."

అతను సమ్మెట అలాగే పట్టుకొని ఆ ఎర్రటి చేతుల్లో వెతికాడు. చాలాసేపు వెతికాడు. పటేల్ "కొట్టు" అన్నాడు. మళ్లీ "కొట్టు" అన్నాడు. చాచా నా చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్లు దిగాయి.

"యాడ కొట్టినా మా అవ్వ చెయ్యి మీద పడ్తదేమో పటేలా" అన్నాడు అతను, సమ్మెట కిందికి దించి. ఆ మాట ఎదిరించినట్టు లేదు. మొర పెట్టుకున్నట్టు ఉంది.

తతిమ్మా మనుషుల్లో ఒకడు సమ్మెట అందుకోబోయి, బండ వైపు చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. అతని ఇంటివాళ్లు కూడా వేశారో ఏమో. పటేల్ అందరి ముఖాలూ చూశాడు. "ఎవరు బొక్కెన దించుతరో చూస్త" అన్నాడు. అని వెళ్లిపోలేదు, అక్కడే నిలబడ్డాడు.

గుంపు కొంచెం వెనక్కి జరిగింది. ఆమె మాత్రం, మొదటి ముద్ర వేసిన ఆమె, తన కుండ తీసుకొని బావి గోడ దగ్గరికి నడిచింది. బొక్కెన దించింది. నీళ్లకు తగిలిన చప్పుడు మా అందరికీ వినిపించింది. తోడిన నీళ్లతో ముందు తన ఎర్రటి చేయి కడుక్కుంది. మళ్లీ తోడి కుండ నింపుకుంది. పటేల్ ముందు నుంచే ఆ కుండను నెత్తిన పెట్టుకొని వాడకు పోయింది. ఆయన ఆపలేదు.

తిరుగు బాటలో చాచా ఊరు కనుమరుగయ్యేదాకా వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆయన, "నేను గూడ ఏసి ఉండాల్సింది" అన్నాడు.

అంతా బాగైందని చెప్పలేను. ఆ కార్తె పనులకు వాడవాళ్లను ఎవరూ పిలవలేదు. మొదటి ముద్ర వేసిన ఆమెతో పాటు ఇంకొన్ని ఇండ్ల వాళ్లు తాండూరు బండల గనులకు కూలికి పోయారు. జీతగాణ్ణి పటేల్ పని మానిపించాడు. అతను తండ్రి గొర్ల వెంట తిరిగాడు. ఆ సంగతి విన్న రోజు నేను బడిలో పాఠం చెప్పలేకపోయాను. బోర్డు మీద బొమ్మ సగం గీసి కూర్చున్నాను. ముద్రలు వేయించి నేను రైలెక్కి వచ్చేశాను, దాని వెల వాళ్లు కట్టారు.

ఆఫీసరు ఇంకో రెండు ఊళ్లలో కూడా ఇలాంటి బండ పెట్టమన్నాడు, ఈసారి అది తన ఆలోచనే అన్నట్టు. ఒక ఊళ్లో ముద్రలు పడ్డాయి, గొడవ కాలేదు గాని, ఆ బావిని ఎవరూ మునుపటిలా తప్ప వాడలేదు. మోమిన్‌పేట్ దిక్కున్న రెండో ఊళ్లో ఒక్క చేయి కూడా పడలేదు. సాయంత్రం దాకా కూర్చొని, రంగు పారబోసి, ఉత్త బండను బండిలో వేసుకొని వచ్చాం.

చాచా కొన్నేండ్లకు పట్నంలో కూతురింటికి వెళ్లిపోయాడు. నాకు పెండ్లయింది, పిల్లలు పుట్టారు, ఆదివారాల తాండూరు ప్రయాణాలు ఆగిపోయాయి. ఒక ఎండాకాలం కొడంగల్‌లో పెండ్లికి పోతూ ఆ ఊళ్లో బస్సు దిగాను. పటేల్ ఇంటివాళ్లు తమ పెరట్లో వేరే బావి తవ్వించుకున్నారు. ఊరి బావి దగ్గర ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరు ఏ దిక్కు వాళ్లో అడగాలనిపించలేదు. చేద గిరక కిర్రుమంటోంది. ఒకామె బొక్కెన పైకి లాగి, పక్కనున్న ఆమె కుండలో సగం, తన కుండలో సగం పోసింది. పోస్తూ ఏదో ముచ్చట చెప్తోంది. నేను దాహం వేస్తోందన్నాను. చెప్తున్న ముచ్చట ఆపకుండానే నా దోసిట్లో నీళ్లు పోసింది.